మానేసిన మూడో రోజు



ఇప్పపూలు రాలే కాలం వస్తే మన అడవి పల్లెల్లో సారా కాయడం మొదలవుతుంది. పువ్వు తప్పేమీ లేదు, అది కోయ కుటుంబాలకు తిండి, నాలుగు డబ్బులు కూడా. మేము చెప్పదలచింది సారా గురించి. ఓ.పి.లో భార్యలు తరచుగా అంటారు: "రాత్రి గొడవ చేసి, తెల్లారాక గుర్తులేదని అబద్ధమాడుతున్నాడమ్మా."

చాలాసార్లు అది అబద్ధం కాదు. జరిగినదాన్ని జ్ఞాపకంగా దాచేది మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం. ఎక్కువగా, గబగబా తాగినప్పుడు అది పని మానేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, కొడతాడు. లోపల ఏదీ నమోదు కాదు. (అలాగని కొట్టినది తప్పు కాకుండా పోదు.)

రోజూ తాగేవారి సంగతి వేరు. మద్యం మెదడు కణాలను జోకొడుతుంది. దాన్ని తట్టుకోవడానికి కణాలు తమ ఉద్రేకాన్ని పెంచుకుంటాయి. ఒక్కసారిగా మానేస్తే జోకొట్టేది పోతుంది, ఉద్రేకం మిగులుతుంది. వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్. రెండు మూడు రోజులకు లేనివి కనబడతాయి.

మన సంఘాల్లో జరిగేది ఇదే. ఉజ్జీవ సభలో ఇక ముట్టనని తీర్మానం చేసుకుంటాడు. మేమూ సంతోషిస్తాము. మూడో రోజు ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేస్తాడు. దయ్యమని కొందరు ఉపవాస ప్రార్థనకు కూర్చోబెడతారు, కొందరు భూతవైద్యుని పిలుస్తారు. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి వచ్చే దారిలో చేయండి. చికిత్స లేకపోతే ఇది ప్రాణం తీయగలదు.

కల్లే కదా అనుకోవద్దు. మత్తుకోసం డైజిపాం, అల్ప్రజోలం వంటివి కలిపిన కల్లుతోనూ ఇదే బాధ. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు కట్టడి చేసినప్పుడు, అలవాటుపడినవారు వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు బారులు తీరారు.

నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్.ఎం.పి. చేత గ్లూకోజు బాటిలు ఎక్కించకండి. తాగేవారిలో చాలామందికి బి1 విటమిను తక్కువ. దాన్ని ముందుగానో, గ్లూకోజుతోపాటో ఇవ్వాలి. లేకపోతే ఉన్న కాస్తా ఖర్చయి చూపు, నడక, తెలివి దెబ్బతినవచ్చు. కొందరికి ఆ తర్వాత కొత్త సంగతి కాసేపు కూడా నిలవదు, ఆ ఖాళీని తెలియకుండానే లేని కథలతో నింపుతారు. ఆ దశ దాకా పోనివ్వకపోతే, మానినవారి ధ్యాస, జ్ఞాపకం నెలల్లో చాలావరకు తిరిగి వస్తాయి.

తీర్మానం చేసిన రోజే తీసుకురండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో దాచకుండా చెప్పండి. పాస్టరుగార్లు సభకు ముందే కబురు చేస్తే మేము మంచాలు సిద్ధంగా ఉంచుతాము.