కంప్యూటర్లో ఎవరి నడుం?

రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో లారీకి గెలలు ఎత్తే జట్టు కూలీల్ని ఒకసారి నిలబడి చూడండి. నలభై దాటినోళ్ళలో ఎంతమంది నడుం నిటారుగా ఉందో మీకే తెలుస్తుంది. నొప్పంటే డాక్టరు వయసంటాడు, మేస్త్రి తాగుడంటాడు. ఊడ్పుల్లో పొద్దంతా వంగిన మన ఆడాళ్ళు గోడ పట్టుకుని లేస్తుంటే, అదేదో పుట్టుకతో వచ్చిన జబ్బయినట్టు రెండు బిళ్ళలిచ్చి పంపేస్తారు. కాలు విరిగితే ఒక తేదీ ఉంటుంది, సాక్షి ఉంటాడు, పరిహారం అడగొచ్చు. ఇరవై ఏళ్ళు రోజుకింత చొప్పున అరిగిన వెన్నుకి ఏ తేదీ వెయ్యాలి?

ఆ అరుగుడుని లెక్క కట్టే పద్ధతి ప్రపంచంలో ఉంది. కంప్యూటర్లో మనిషి ఒంటిని తయారు చేస్తున్నారు. ఎముకలు కర్రల్లాగా, కీళ్ళు మడత బందుల్లాగా, కండరాలు తాళ్ళలాగా. మనిషి పని చేస్తుంటే కెమెరాలతో కదలికలు పట్టి అందులో పోస్తే, ఏ కండరం ఎంత లాగింది, ఏ వెన్నుపూస మీద ఎంత ఒత్తిడి పడింది చెబుతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ఓపెన్‌సిమ్ అనే ప్రోగ్రాం ఇచ్చారు, అది ఉచితం. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఇంకోదాని పేరు ఎనీబాడీ. ఎవరి ఒళ్ళయినా సరే అని అర్థం వచ్చే పేరు. కార్ల సీట్లు చెయ్యడానికి కూడా దాన్ని వాడతారు.

లోపలున్న లెక్క బ్రహ్మవిద్య కాదు. మేము బడిలో చెప్పే తులాదండం పాఠమే. చాచిన చేతుల్లో, వెన్నుకి 40 సెంటీమీటర్ల దూరాన 20 కేజీల గెల ఉందనుకోండి. వెన్ను వెనకాల నడుం కండరం పట్టు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. దూరం ఎనిమిదో వంతు కాబట్టి లాగుడు ఎనిమిది రెట్లు కావాలి. అంటే 160 కేజీలు. గెల బరువూ ఆ లాగుడూ రెండూ కలిసి పడేది వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళల మీద. ఇందులో వంగినోడి సొంత ఒంటి బరువు ఇంకా కలపలేదు. ఊడ్పుల్లో మన ఆడాళ్ళ చేతిలో ఉండేది నారుకట్టే గదా అంటారు కామందులు. నడుం పైన వేలాడే తల, చేతులు, మొండెం కలిపితే ఒంటి బరువులో సగం పైనే. ఆ బరువు గంటలకొద్దీ అలాగే వేలాడుతుంది.

మరి కంప్యూటర్లో ఉన్న ఒళ్ళు ఎవరిది? 1955లో డెంప్‌స్టర్ అనే ఆయన అమెరికా వైమానిక దళం కోసం ఎనిమిది మంది పెద్దవయసు మగాళ్ళ శవాల్ని అంగాలుగా కోసి తూచాడు. విమానంలో కూర్చునేవాడికి ఎంత చోటు కావాలో తేల్చడానికి. ఆ తూకాలే చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో మనిషి కొలతలయ్యాయి. బురదలో వంగిన ఆడమనిషి అందులో లేదు. ఇంకోటి చూడండి. ఒక్కో కీలుని చాలా కండరాలు లాగుతాయి, ఎవరి వాటా ఎంతో నేరుగా తేలదు. అందుకని ఒళ్ళు వీలైనంత తక్కువ శ్రమతో పని కానిస్తుందని అనుకుని కంప్యూటర్ పంచుతుంది. రాత్రి తినక, జ్వరంతో పనికొచ్చినోడి ఒళ్ళు కూడా అంత పొదుపుగా పంచుకుంటుందా? మాకు నమ్మకం లేదు.

మన కొలతలు లేవని ఎవరూ తప్పించుకోలేరు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ నుంచి 2009లోనే మన దేశపు వ్యవసాయ కూలీల కొలతలు, బలాల పుస్తకం వచ్చింది. ఆడవాళ్ళ కొలతలూ ఉన్నాయి. పనిముట్లు తయారు చెయ్యడానికని వేశారు. అదే పుస్తకంతో మోత బరువు కూడా ఎందుకు లెక్క కట్టరు?

అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా రెండు చేతులతో ఎత్తే బరువు 23 కేజీలు దాటకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కూలీ మోత 55 కేజీలకి మించితే వెంటనే తగ్గించే ఏర్పాట్లు చెయ్యమంది. మన దగ్గర సిమెంటు బస్తా 50 కేజీలు. ధాన్యం బేరం ఈనాటికీ 75 కేజీల బస్తా లెక్కనే. వీపు మీద మోసే బస్తాకి చేతులతో ఎత్తే లెక్క యథాతథంగా సరిపోదు, నిజమే. సరిపోయే లెక్క కట్టమనే మేమడుగుతున్నాం.

ఇందులో మోసమూ ఉంది. రేపు ఏ కంపెనీయో ఇదే కంప్యూటర్ తెచ్చి, నీ ఒళ్ళు ఇంకో పది బస్తాలు తట్టుకుంటుందని తేల్చొచ్చు. లెక్క ఎవరి చేతిలో ఉందన్నదే అసలు తగువు. జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరుకే అంత మంటైతే, బస్తా తగ్గించమంటే ఊరుకుంటారా?

అయినా అడగాలి. ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే మన పిల్లలకి మేము చెప్పేదొకటే. ప్రాజెక్టు అంటూ హైదరాబాదు పోయి కొనుక్కురాకండి. ఓపెన్‌సిమ్ దించుకుని యార్డుకి రండి. గెల ఎత్తేవాళ్ళని, గునపం మీద కొబ్బరికాయ ఒలిచేవాళ్ళని, ఊడ్చే అక్కల్ని వాళ్ళ ఒప్పుదలతో కొలవండి. వచ్చిన అంకెలు ముందు జట్టులో చదివి వినిపించి, తర్వాత కార్మికశాఖకి పెట్టే అర్జీకి జతచెయ్యండి. అర్జీ రాయడానికి మేమున్నాం.