సాక్ష్యం ఎవరి వద్ద ఉండాలి?

రసాయన శాస్త్రజ్ఞుడికి నెట్‌వర్క్ స్విచ్‌తో పనేమిటని కంప్యూటరు రంగంలోని మిత్రులు నవ్వవచ్చును. మా ప్రయోగశాలలో జరిగిన ఒక సంఘటన నా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

ఒక శనివారం రాత్రి క్రొమటోగ్రాఫ్ నుండి సర్వరుకు చేరవలసిన కొలతలు నడుమ ఆగిపోయాయి. అప్పుడు గదిలో ఉన్నది ఒక పరిశోధక విద్యార్థి మాత్రమే. కేబులు కదిపినది అతడేనని అందరూ తలచారు. నిజం చెప్పగలిగినది యంత్రాలన్నిటినీ కలిపే స్విచ్ ఒక్కటే. ఏ పోర్టు ఏ క్షణాన తెగినదో, ఎప్పుడు మరల కలిసినదో అది వ్రాసుకుంటుంది. ఆ వ్రాతకే లాగ్ అని పేరు. అయితే సోమవారం ఉదయం ఎవరో స్విచ్‌ను ఆపి తిరిగి వెలిగించారు. విద్యుత్తు పోతే చెరిగిపోయే జ్ఞాపకంలో ఉన్న ఆ వ్రాత కాస్తా మాయమైనది. విద్యార్థిపై పడిన మాట మాత్రం చెరగలేదు.

స్విచ్ తన వార్తలను తనలోనే దాచుకోనక్కరలేదు. వేరొక కంప్యూటరుకు పంపగలదు. ఇందుకు వాడే సిస్‌లాగ్ పద్ధతిని 1980లలో బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ కోసం రూపొందించారు. చేయవలసినదల్లా అందుకునే కంప్యూటరు ఐ.పి. చిరునామా ఇచ్చి, ఏ స్థాయి వరకు పంపాలో చెప్పడమే. స్థాయిలు 0 నుండి 7 వరకు. అంకె తగ్గినకొద్దీ ప్రమాదం ఎక్కువ. చిక్కంతా ఇక్కడే ఉన్నది. సిస్కో స్విచ్‌లలో పోర్టు తెగిన వార్త 3వ స్థాయిది, దాని వెంట వచ్చే ప్రోటోకాల్ వార్త 5వ స్థాయిది. గొడవ తగ్గుతుందని 2 దగ్గర ఆపితే రెండూ రావు. పైగా ఈ వార్తలు సాధారణంగా యు.డి.పి. 514వ పోర్టుకు వెళతాయి. అది రసీదు లేని కార్డు ముక్క వంటిది. దారిలో పోతే పోయినట్లే. కనుక స్విచ్‌లోనూ ఒక ప్రతి ఉండనివ్వాలి. గడియారం సరిగా లేకపోతే ఇవన్నీ ఉన్నా వృథా.

"అంత లాగ్ ఎవరు చదువుతారు?" అని నిర్వాహకుడు అడిగాడు. మా ప్రయోగ పుస్తకాలను మాత్రం రోజూ ఎవరు చదువుతున్నారు? పుటలకు అంకెలు వేసి, సిరాతో వ్రాసి, సాక్షి సంతకం తీసుకునేది తగవు వచ్చిన నాటి కోసం. కరణం గారి లెక్కలు కరణం గారి పెట్టెలోనే ఉంటే చాలదనే గదా, మన ఊళ్ళలో ఏటేటా జమాబందీ జరిపించేవారు!

1986లో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ 75 సెంట్ల లెక్క తేడా వెంటబడి ఒక చొరబాటుదారును కనిపెట్టాడు. బయటినుండి వచ్చే లైన్లకు ప్రింటర్లు తగిలించి అతడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. కంప్యూటరులోని గుర్తులను చెరపగలిగినవాడికి ఆ కాగితం అందలేదు. స్టోల్ కూడా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు.

ఇప్పుడు మా స్విచ్ వార్తలు పక్క భవనంలోని ఒక పాత కంప్యూటరుకు చేరుతున్నాయి. ఆ గది తాళం మా విభాగం వద్ద లేదు. ఉండకూడదని నేనే పట్టుబట్టాను.