వార్డెన్ సంతకం చాలదు

ప్రపంచంలో ఏటా బయటపడే క్యాన్సర్లలో నూటికి సుమారు 13 సూక్ష్మజీవుల సంక్రమణ వల్ల వచ్చేవేనని శాస్త్రవేత్తల అంచనా. కడుపులో పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా వాటాను పక్కన పెడితే వాటిలో మిగిలిన భారమంతా దాదాపు వైరస్‌లదే. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, ఈ రెండింటినీ అడ్డుకునే టీకాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. అయినా 2022లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఈ దేశంలో దాదాపు 80,000 మంది స్త్రీలను బలిగొన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఇంతమంది మరణాన్ని తలరాత అని సరిపెట్టుకునే హక్కు ప్రభుత్వాలకు లేదు.

జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983లో ఈ క్యాన్సర్ కణితులలో హెచ్‌పీవీ 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని గుర్తించి, ఆ కృషికి 2008లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ క్యాన్సర్ కేసులలో నూటికి 70 వరకు ఈ రెండు రకాల వల్లనే వస్తాయి. లైంగిక సంపర్కం ద్వారా వ్యాపించే ఈ వైరస్, ముఖద్వారపు పొరలో కంటికి కనిపించని గీతల గుండా అడుగు కణాలలోకి చేరుతుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అత్యధికులకు ఇది సోకుతుంది, చాలామందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దానిని వదిలించుకుంటుంది. కాబట్టి ఇది సోకడం ఎవరి శీలానికీ మచ్చ కాదు. కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠ వేస్తుంది, తరచుగా దాని జన్యుపదార్థం కణపు డీఎన్‌ఏలోనే కలిసిపోతుంది, అప్పుడు ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు అదుపు లేకుండా తయారవుతాయి. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని నిలిపివేసే పీ53 ప్రోటీన్‌ను మొదటిది నాశనం చేయిస్తే, కణం వేళ కాని వేళ విభజన చెందకుండా పట్టి ఉంచే ఆర్‌బీ ప్రోటీన్‌ను రెండవది పనికిరాకుండా చేస్తుంది. ఇలా కాపలా తొలగిన కణం క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇన్నేళ్ల గడువు ఇచ్చే వ్యాధి చేతిలో ఓడిపోవడం వైద్యశాస్త్రపు వైఫల్యం కాదు, పాలనా వైఫల్యం.

హెపటైటిస్ బి విషయంలో తెలుగునేల గర్వించదగిన పని చేసింది. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే, సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. ప్రసవ సమయంలో తల్లి నుంచి ఈ వైరస్ సోకిన శిశువులలో పదింట తొమ్మిది మందికి అది దీర్ఘకాలం నిలిచిపోతుంది కనుక పుట్టిన 24 గంటలలోపు తొలి మోతాదు పడాలి. 1984లోనే శిశువులకు ఈ టీకా మొదలుపెట్టిన తైవాన్‌లో పిల్లల కాలేయ క్యాన్సర్ గణనీయంగా తగ్గిపోయింది.

హెచ్‌పీవీ టీకా దగ్గరకు వచ్చేసరికి ఇదే నేల మీద కథ అడ్డం తిరిగింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, ఒక అమెరికన్ స్వచ్ఛంద సంస్థ భారత వైద్య పరిశోధన మండలితోనూ రాష్ట్ర ప్రభుత్వంతోనూ కలిసి వేలాది బాలికలకు ఈ టీకా వేయించింది. వారిలో ఎందరో గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు; తల్లిదండ్రులు చేయవలసిన సంతకాన్ని అనేక పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు, కానీ అంగీకారం తీసుకున్న తీరునూ, దుష్ఫలితాలను గమనించే ఏర్పాటు లోపాన్నీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ మందలింపు న్యాయమైనది. దానిని సాకుగా చేసుకుని టీకానే అనుమానితురాలిగా నిలబెట్టడం మాత్రం అన్యాయం, ఎందుకంటే ఖమ్మంలో దోషం మందులో లేదు, పేదవాడి సమ్మతి అడగనక్కరలేదనుకున్న పెద్దల అహంకారంలో ఉంది.

2018లో సిక్కిం తన బాలికలకు పాఠశాలల ద్వారా ఈ టీకా వేసి, ముందస్తు ప్రచారంతో అత్యధికులకు చేర్చగలిగింది. 2022లో దేశీయ టీకా సెర్వావాక్‌కు అనుమతి లభించింది, ఒక్క మోతాదు కూడా రక్షణ ఇస్తుందని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పెళ్లీడు రాని పిల్లకు ఇప్పుడెందుకని తల్లిదండ్రులు అడిగితే అది సహేతుకమైన ప్రశ్నే, దానికి ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి సూటిగా జవాబివ్వాలి: ఒంట్లోకి చేరిన వైరస్‌ను ఈ టీకా తీసివేయలేదు, చేరకుండా మాత్రమే ఆపగలదు కాబట్టి 9 నుంచి 14 ఏళ్ల మధ్యే వేయాలి. కోయ భాష మాట్లాడే గూడెంలో ఆ జవాబు కోయలోనే చెప్పాలి.

కూతుళ్లకు టీకాతో బాధ్యత తీరదు, తల్లుల వయసు దాటిపోయింది కనుక వారికి పరీక్షే దిక్కు. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారానికి పూసి, నిమిషం ఆగి, తెల్లబారిన మచ్చల కోసం చూసే సులువైన పరీక్షను శిక్షణ పొందిన నర్సు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయగలదు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడతలో, 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రతి ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజును ఈ పరీక్షకు కేటాయించాలి, మచ్చ కనిపించిన స్త్రీని ఊరికి పంపేయకుండా చికిత్స అందే ఆసుపత్రికి చేర్చాలి. టీకా వేసిన బాలికల సంఖ్యను, తల్లిదండ్రుల లిఖిత సమ్మతిని, వేసిన తరువాత వచ్చిన ప్రతి ఫిర్యాదును, దానిపై జరిగిన విచారణను మండలాలవారీగా బహిరంగపరచాలి. భద్రాచలం మన్యం నుంచే ఆ జాబితా మొదలు కావాలి.