ఈస్టరు తిథి – దాని యంతరార్థము

ఈస్టరు ఏ తేదీన వచ్చునని విద్యార్థి యడిగినచో ఉపాధ్యాయుడు ఒక్క మాటలో సమాధానము చెప్పజాలడు. క్రిస్మసు డిసెంబరు 25న స్థిరముగా నిలిచియుండగా, ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఏ ఆదివారమందైనను రావచ్చును. బడుల సెలవులకు ఇది చిక్కు గలిగించుచున్నదనియు, ఏప్రిలులో ఒక ఆదివారమును శాశ్వతముగా నిర్ణయింపవలెననియు వాదించువారు కలరు. బ్రిటిషు పార్లమెంటు 1928లోనే అట్టి చట్టము చేసినది. కాని అది అమలులోనికి రాలేదు. ఇతర క్రైస్తవులు సమ్మతించినచో స్థిరమైన ఆదివారమునకు అభ్యంతరము లేదని 1963లో రెండవ వాటికను మహాసభ ప్రకటించినది. సూచన సౌకర్యమైనదే. కాని పండుగకు సౌకర్యమొక్కటే కొలబద్ద కాదు.

పండుగ యర్థము తెలియక తిథిని గూర్చి తీర్పు చెప్పరాదు. సువార్తల ప్రకారము యేసు సిలువ మరణము యెరూషలేములో పస్కా పండుగ దినములలో సంభవించెను. పస్కా, ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యమునుండి విముక్తులైన రాత్రికి స్మారకము. అది నీసాను మాసమున పూర్ణచంద్రుని కాలమందు వచ్చును. పిమ్మట ఆదివారము తెల్లవారుచుండగా స్త్రీలు సమాధి యొద్దకు పోయి, అది శూన్యమై యుండుట చూచిరి. కావున క్రైస్తవులకు ఈస్టరు దాస్యవిమోచనమునకును, మరణముపై జీవము పొందిన విజయమునకును గుర్తు. చంద్రుడు మొదటి యర్థమును, ఆదివారము రెండవ యర్థమును జ్ఞప్తికి దెచ్చుచున్నవి.

ఈ రెండింటిని కలుపుట ఆదిలో సులభము కాలేదు. ఆసియా మైనరు సంఘములు ఏ వారమైనను నీసాను 14ననే పండుగ చేయుచుండెను. రోమాలో ఆదివారమే ఆచారము. సుమారు 155లో స్ముర్న బిషప్పు పోలికార్పు రోమాకు పోయి, అచటి బిషప్పు అనికేతుతో చర్చించెను. ఒకరి నొకరు ఒప్పింపజాలకపోయిరి. అయినను ఉభయులును ఒకే ఆరాధనలో పాల్గొని సమాధానముతో విడిపోయిరి. ఆ శతాబ్దాంతమున రోమా బిషప్పు విక్టరు ఆసియా సంఘములను వెలివేయ బూనగా, లియోను బిషప్పు ఐరేనియసు, తాను ఆదివారమునే పాటించువాడైనను, ఆ పూర్వవృత్తాంతమును చూపి యతనిని వారించెను.

అందరును ఒకే ఆదివారమున పండుగ చేయవలెనని 325లో నికేయ సభ నిర్ణయించెను. పిదప క్రమముగా ఒక సూత్రము స్థిరపడెను: మార్చి 21న గాని, తరువాత గాని వచ్చు పూర్ణిమకు పిమ్మటి ఆదివారమే ఈస్టరు. ఈ పూర్ణిమ కంటితో చూచునది కాదు, పట్టికలనుండి గణించునది. ఏటేట మారు ఉగాదిని ఎరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు.

1582లో పోపు 13వ గ్రెగొరీ పంచాంగమును సవరించెను. తూర్పు ఆర్థడాక్సు సంఘములలో అత్యధికము ఈస్టరుకు పాత జూలియను గణనమునే నిలుపుకొనినవి. ఆ పాత లెక్కలోని మార్చి 21 నేడు మనకు ఏప్రిల్ 3 అగుచున్నది. కనుకనే 2024లో పాశ్చాత్యులు మార్చి 25 పూర్ణిమను గ్రహించి మార్చి 31న ఈస్టరు చేయగా, ఆర్థడాక్సులు తరువాతి పూర్ణిమకై వేచి మే 5న చేసిరి. నికేయ సభకు 1700 సంవత్సరములు నిండిన 2025లో ఉభయులకును ఏప్రిల్ 20 కలిసివచ్చినది. 2026లో మరల వేరు; ఒకరికి ఏప్రిల్ 5, మరొకరికి ఏప్రిల్ 12.

ఈ భేదము విశ్వాసములోనిది కాదు, పట్టికలలోనిది. అట్టి భేదమును తొలగించుట ధర్మము. కాని అందులకై చంద్రుని విడువ నక్కరలేదు. 1997లో సిరియాలోని అలెప్పోలో జరిగిన క్రైస్తవ సంఘముల సమావేశము ఉచితమైన మార్గము చూపినది: నికేయ సూత్రమును నిలిపి, విషువత్తును, పూర్ణిమను యెరూషలేము రేఖాంశమును బట్టి నేటి ఖగోళ శాస్త్రముతో గణింపవలెను. ఇందువలన పండుగ కదలుచునే యుండును, సంఘములు మాత్రము కలియును. స్థిరమైన ఆదివారము సెలవుల పట్టికను చక్కబరచును గాని పస్కా రాత్రిని మరపించును.

ఒప్పందము కుదురువరకు పోలికార్పు, అనికేతుల నడవడి చాలును. తిథిపై ఏకాభిప్రాయము లేకున్నను వారొకే బల్లయొద్ద నిలువగలిగిరి. విద్యార్థి ప్రశ్నకు ఉపాధ్యాయుడు సూత్రముతోబాటు ఈ కథనుగూడ చెప్పినచో ఆ పాఠము సంపూర్ణమగును.