సున్నిపిండియు మేనిచాయయు

పండుగకును పెండ్లికిని నలుగు పెట్టుట తెలుగువారి వాడుక. ఆ సున్నిపిండిని ఇంటనే చేసికొనుట మేలని మా యభిప్రాయము. అందేమి కలిసినదో మనకు తెలిసియుండును. కిలో పెసలు, పావుకిలో శనగలు, 50 గ్రాముల కచ్చూరములు, 20 గ్రాముల కస్తూరిపసుపు బాగుగా నెండబెట్టి, విసరి, జల్లించి, తడి తగులని సీసాలో నుంచిన చాలును. పిండి జిడ్డును పీల్చి మురికిని వదలించును. తలకు కుంకుడుకాయలు కలవు. గింజ తీసి నానబెట్టిన పెచ్చులలోని సాపోనిను నురుగునిచ్చి జిడ్డు పోగొట్టును. కన్నులలో మాత్రము పడనీయరాదు.

అయితే, "నలుగు పెట్టిన తెల్లబడుదువు" అని ఆడపిల్లలతో ననుట మాకు సమ్మతము కాదు. మేనిచాయ ముఖ్యముగా చర్మములోని మెలనిను అను వర్ణద్రవ్యము వలన గలుగునది. ఏ పిండియు దానిని మార్చజాలదు. 1975లో మన దేశమున వెలసిన ఫెయిర్ అండ్ లవ్లీ లేపనము సయితము 2020లో 'ఫెయిర్' అను మాటను తన పేరునుండి తొలగించుకొనినది. అంగడి విడిచిన మాటను తల్లిదండ్రులు విడువలేరా? దేవుడిచ్చిన చాయ కడిగివేయవలసిన మురికి కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంట సున్నిపిండి విసరుడు; దానిని శుభ్రతకొరకే వాడుడు.