ఆయిల్ పామ్‌కు అసలు సబ్సిడీ ఇస్తున్నది గల్ఫ్ జీతమే



మొన్న మన గ్రూపుల ఒక అన్న వాయిస్ పెట్టిండు. "మొక్కలకు సర్కారే ఇయ్యవట్టె, డ్రిప్పుకు సర్కారే ఇయ్యవట్టె, ఇంకా పైసలు రాలేదని ఏడుసుడేంది?" అన్నడు. దానికి చాలామంది బొటనవేలు కొట్టిండ్రు కూడా. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు తోటలు పెట్టినోళ్లు మనలో ఉన్నరు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

ఆయిల్ పామ్ వరి లాంటి పంట కాదు. మొక్క పెట్టినంక మూడు నాలుగేండ్ల దాకా గెల చేతికి రాదు. అంతకుముందు ఆ భూమి వడ్లో, మక్కలో, పసుపో ఏదో ఒకటి ఇచ్చి ఇల్లు నడిపిన భూమే. ఆదాయం లేని ఆ నాలుగేండ్లకు తోట సాకుడుకు, అంతర పంటకు కలిపి ఎకరానికి ఏడాదికి 4,200 రూపాయలు ఇస్తమని సర్కారు చెప్పింది. ఆ మాట మీదనే రైతు పాత పంట వదిలిండు. దీన్ని దానం అంటరా? ఇది ఒప్పందం. మొక్క పెట్టి రైతు తన వంతు చేసిండు.

పైగా అవసరం ఎవరిది? దేశం తినే నూనెలో సగానికి పైగా బయటినుంచి కొంటున్నదే. అందుకే కేంద్రం 2021 ఆగస్టులో 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ పెట్టింది. మొక్కల సాయాన్ని హెక్టారుకు 12,000 నుంచి 29,000కు పెంచింది. ఖర్చులో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెట్టుకోవాలె. ఒకరి పాలు రాకుంటే ఫైలు ఆగుతది. ఫైలు ఆగుతది గని కలుపు ఆగదు గదా!

అసలు ఆ 4,200 ఎంత? ఎకరంల 57 మొక్కలు. మొక్కకు ఏడాదికి 74 రూపాయలు కూడా పడవు. గింతదానికే రైతును ఆఫీసుల చుట్టూ తిప్పుడు. అది రానప్పుడు ఎరువుల దుకాణంల బాకీ ఎవరు కడుతున్నరు? ఇక్కడ ఎండల ఓవర్‌టైమ్ చేసినోడు. పిల్లల ఫీజుకని పంపిన పైసలు తోటకు పోతున్నయి. ఈ సబ్సిడీ ఏ బడ్జెట్ల కనవడదు.

ధర సంగతి ఇంకో ఎత్తు. 2024 సెప్టెంబర్‌లో ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 20 శాతానికి పెంచిండ్రు, 2025 మే చివర్న మళ్ల 10కి దించిండ్రు. పట్నంల నూనె ధర తగ్గాలె, నిజమే. మన ఇండ్లల్ల కూడా కొనుక్కునేటోళ్లమే. కానీ ఆ భారం గెల అమ్ముకునేటోని మీద వేస్తే ఎట్ల? గెల కోసినంక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరాలె, ఆ ఫ్యాక్టరీ కూడా మన ప్రాంతానికి కేటాయించిందే. ఇంట్ల దాచుకుని ధర వచ్చినప్పుడు అమ్ముకునే సరుకు కాదది. ధర పడితే తేడా రైతు ఖాతాల వేస్తమని మిషన్‌లోనే రాసుకున్నరు. రాసింది చేయుమంటున్నం, కొత్తది అడుగుతలేం.

ఇంకొక ముచ్చట. పట్టా మన పేరు మీద, ఆధార్‌కు ఇచ్చిన సిమ్మేమో బందయింది. ఓటీపీ రాదు, వేలిముద్ర వేద్దామంటే మనిషి అక్కడ లేడు. తోటల పనిచేసేది భార్యనో, తల్లో. ఆమె సంతకం చెల్లదంటరు. నీళ్లు పెట్టే చేయికి సంతకం పెట్టే హక్కు ఎందుకుండదు? కుటుంబ సభ్యులకు అధికారపత్రంతో చెల్లింపు జరగాలె.

మొక్క పెట్టిన నెల, ఎన్ని ఎకరాలు, ఏ ఏడాది పైసలు రాలేదు – ఈ మూడూ రాసి ఈ వారంల అడ్మిన్లకు పంపండి. ఇంట్లోవాళ్లు అదే వివరం సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు అడిగి తీసుకోవాలె. రసీదు ఫొటో గ్రూపుల పెట్టండి.