పాస్‌పోర్టు చూసి పాలడబ్బా

ఫ్రాన్సు పార్లమెంటు దిగువసభ 2023 డిసెంబరు 19 రాత్రి ఒక బిల్లును ఆమోదించింది. అనుకూలంగా 349 ఓట్లు, వ్యతిరేకంగా 186. వలసలను అదుపు చేసే చట్టమని దానికి పేరు. కాని అందులోని అసలు కాటు సరిహద్దు దగ్గర లేదు, ఇళ్లలో ఉంది. యూరోపియన్ యూనియన్‌కు బయటి దేశాల నుంచి వచ్చి చట్టబద్ధంగా నివసిస్తున్న తల్లిదండ్రులకు పిల్లల భత్యం వెంటనే ఇవ్వకూడదు. ఉద్యోగం చేస్తున్నవారైతే రెండున్నరేళ్లు, లేనివారైతే ఐదేళ్లు ఆగాలి. స్వదేశంలో ఉన్న భార్యనో భర్తనో పిలిపించుకోవాలంటే అప్పటిదాకా 18 నెలల నివాసం సరిపోయేది. దాన్ని 24 నెలలు చేశారు. వచ్చే జీవిత భాగస్వామికి 18 ఏళ్లు చాలవు, 21 నిండాలన్నారు.

ఆ రోజు అందరికన్నా ఎక్కువ సంతోషించింది మారీన్ లె పెన్. తీవ్ర మితవాద పార్టీ అయిన నేషనల్ ర్యాలీకి ఆమె నాయకురాలు. ఆ పార్టీకి సభలో ఉన్న 88 మందీ బిల్లుకే ఓటేశారు. ఇది తమ భావజాలానికి దక్కిన విజయమని ఆమె ప్రకటించారు. ఆ మాటలో అతిశయోక్తి లేదు. పిల్లల భత్యాన్ని ఫ్రెంచివారికే పరిమితం చేయాలన్నది ఆమె పార్టీ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న డిమాండు. 2022 ఎన్నికల ప్రణాళికలో కూడా తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఫ్రెంచి పౌరులై ఉండాలన్న షరతు పెట్టింది.

కాని బిల్లు తెచ్చింది ఆమె ప్రభుత్వం కాదు, అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రాన్ ప్రభుత్వం. 2022 ఏప్రిల్‌లో ఆమెను ఓడించి రెండోసారి గెలిచిన రాత్రి మాక్రాన్ ఒక సంగతి ఒప్పుకున్నారు. తన ఆలోచనలు నచ్చి కాక, తీవ్ర మితవాదులను అడ్డుకోవడానికే చాలామంది తనకు ఓటేశారని, ఆ ఓటు తనమీద ఒక బాధ్యత పెట్టిందని అన్నారు. ఇరవై నెలలు గడిచేసరికి కంచే చేను మేసింది.

ఇంకా విచిత్రం ఏమిటంటే, బిల్లులోని కొన్ని నిబంధనలు రాజ్యాంగానికి విరుద్ధమని ప్రభుత్వానికే తెలుసు. హోంమంత్రి డార్మనాన్ ఆ మాట సెనేట్‌లోనే అన్నారు. ప్రధానమంత్రి ఎలిజబెత్ బోర్న్ మర్నాడు రేడియోలో అదే అనుమానం వెలిబుచ్చారు. తప్పని తెలిసీ ఓటు వేయించుకుని, దిద్దే పని న్యాయమూర్తులకు వదిలిపెట్టారన్నమాట. ఆరోగ్యమంత్రి ఒరేలియన్ రూసో మాత్రం ఇది తన వల్ల కాదని రాజీనామా చేశారు.

ఆలోచన పుట్టిన చోటు

పెద్ద పార్టీలు తీవ్ర మితవాదుల సరుకును ఎత్తుకుపోతున్నాయని పత్రికలు రాస్తుంటాయి. అది సగం నిజం. ‘జాతీయ ప్రాధాన్యం’ అనే మాటను పుస్తకంగా రాసి ప్రచారంలోకి తెచ్చిన జాఁ ఇవ్ లె గాలూ మొదట సంప్రదాయ మితవాద కూటమిలోని వ్యక్తే. పుస్తకం వెలువడిన 1985లోనే నేషనల్ ఫ్రంటులో చేరాడు. నేటి నేషనల్ ర్యాలీకి 2018 దాకా ఉన్న పేరు అదే. ఇక ఆ సూత్రాన్ని ఆచరణలో పెట్టజూసిన వారిలో ముందున్నది లె పెన్ కుటుంబం కాదు, పారిస్ నగరపాలక సంస్థ. అప్పటి మేయరు జాక్ షిరాక్. మూడో బిడ్డ పుట్టాక ఉద్యోగం మాని ఇంట్లో ఉండే తల్లికో తండ్రికో నగరం ఒక భత్యం ఏర్పాటు చేసి, దాన్ని ఫ్రెంచి పౌరసత్వానికి ముడిపెట్టింది. వ్యవహారం కోర్టులకెక్కింది. పిల్లల పోషణకిచ్చే సాయంలో ఇలాంటి తేడా చూపరాదని 1989 జూన్ 30న అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తీర్పు చెప్పింది.

షిరాక్ కథ అక్కడితో అయిపోలేదు. 1991 జూన్‌లో ఓర్లియన్స్ పట్టణంలో పార్టీ విందులో మాట్లాడుతూ ఒక ఊహాచిత్రం గీశాడు. కష్టపడి పనిచేసే ఫ్రెంచి కార్మికుడు ఒక వాటాలో, పక్క వాటాలో ముగ్గురు నలుగురు భార్యలతో, ఇరవైమంది పిల్లలతో వలస వచ్చిన తండ్రి. పనిచేయకుండానే నెలకు 50 వేల ఫ్రాంకుల సర్కారు సొమ్ము. ఆ పైన ఆ ఇంటి గోల, ఆ ఇంటి వాసన. ఇలాంటి చిత్రం మనకు కొత్త కాదు. 2002లో గుజరాత్ గౌరవ్ యాత్ర సభలో వినబడిన ‘హమ్ పాంచ్, హమారే పచ్చీస్’ అన్న ఎత్తిపొడుపు ఈ ఓర్లియన్స్ ప్రసంగానికి స్వంత తమ్ముడే. రెండింటిలోనూ లెక్క తప్పు. రెండింటిలోనూ గురి తండ్రి మీద కన్నా ఉయ్యాల మీదే.

ఇదే షిరాక్ 1976లో ప్రధానమంత్రిగా ఉన్నప్పుడే, వలస కార్మికులు భార్యాబిడ్డలను పిలిపించుకునేందుకు వీలిచ్చే ఉత్తర్వు వెలువడింది. మరుసటి ఏడాది తర్వాతి ప్రభుత్వం దాన్ని దాదాపుగా నిలిపివేయబోతే, విదేశీయులకూ మామూలు కుటుంబ జీవితం గడిపే హక్కుందని 1978లో పరిపాలనా న్యాయస్థానం అడ్డుపడింది. 2002లో తండ్రి లె పెన్ అధ్యక్ష ఎన్నికల చివరి ఘట్టానికి చేరినప్పుడు దేశమంతా ఏకమై 82 శాతం ఓట్లతో గెలిపించింది కూడా ఈ షిరాక్‌నే. ఒకే మనిషి తలుపు తెరిచాడు, తలుపు దగ్గర నిలబడి తిట్టాడు, తలుపుకు కాపలా కూడా కాశాడు.

1998 జనవరిలో దక్షిణ ఫ్రాన్సులోని విత్రోల్ పట్టణంలో నేషనల్ ఫ్రంటు మేయరు కాథరీన్ మెగ్రే పుట్టిన ప్రతి బిడ్డకూ 5 వేల ఫ్రాంకుల కానుక ప్రకటించింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా ఫ్రెంచివారో, యూరోపియన్ యూనియన్ వారో అయితేనే. ఆ పథకాన్నీ న్యాయస్థానం కొట్టేసింది. అప్పట్లో ఫ్రాన్సులోని పెద్ద పార్టీలు ఆ మేయరమ్మను ఏకకంఠంతో తిట్టిపోశాయి. పాతికేళ్లకు దాదాపు అదే సూత్రం దేశమంతటికీ చట్టంగా వచ్చింది. ఓటేసినవారిలో ఆ తిట్టిన పార్టీల వారసులున్నారు.

ఎవరి సొమ్ము?

భత్యం ఇచ్చేది ఫ్రెంచివారి సొమ్ముతో, కనుక ఫ్రెంచివారికే ఇవ్వాలన్నది వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆ సొమ్ము ఎక్కడిది? 1932 నాటి చట్టంతో మొదలైన ఈ భత్యాల నిధికి ముఖ్య ఆధారం ఉద్యోగుల జీతాలను బట్టి యజమానులు కట్టే చందా, ఆదాయాల మీద వసూలు చేసే సామాజిక పన్ను. మార్సెయ్‌లో భవన నిర్మాణం పనిచేసే అల్జీరియా కూలీ జీతం మీద, పారిస్ హోటలులో గిన్నెలు కడిగే మాలీ దేశస్థుడి జీతం మీద మొదటి నెల నుంచే అది వసూలవుతుంది. ఆ వసూలుకు ఐదేళ్లు ఆగుతామని ఎవరూ అనలేదు.

ఇక్కడ హజ్రత్ ఉమర్ (రజి) కాలపు రెండు సంఘటనలు గుర్తుకొస్తాయి. వీధిలో బిచ్చమెత్తుతున్న ఒక యూదు వృద్ధుణ్ణి చూసి ఆయన చలించిపోయి, వయసులో పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదంటూ బైతుల్‌మాల్ నుంచి అతనికి భృతి ఇప్పించారని చరిత్రకారులు రాశారు. రెండోది పసిబిడ్డల విషయం. మొదట్లో పాలు మానిన పిల్లలకే భృతి ఉండేది. ఒక రాత్రి మదీనా వెలుపల బిడారు దగ్గర ఏడుపు ఆపని బిడ్డ గురించి తల్లిని అడిగితే, భృతి కోసం తొందరపడి పాలు మాన్పిస్తున్నానంది. అడుగుతున్నది ఖలీఫా అని ఆమెకు తెలియదు. మరునాడు ఉమర్ (రజి) దుఃఖిస్తూ, పుట్టిన రోజు నుంచే భృతి అని చాటింపు వేయించారు. నిబంధన కాగితం మీద ఎలా ఉందని కాదు, ఆ నిబంధన వల్ల ఇంట్లో తల్లి ఏం చేయవలసి వస్తుందన్నదే ఆయన చూసిన లెక్క. 2023లో ఇద్దరు పిల్లలకు నెలకు వచ్చే దాదాపు 140 యూరోలు ఒక ఉన్నతాధికారికి హోటలు బిల్లు, గిన్నెలు కడిగే తండ్రికి మాత్రం నెల పాలడబ్బాలు.

నిజానికి పేదలకిచ్చే కనీస ఆదాయ భత్యానికి ఇలాంటి ఐదేళ్ల షరతు ఫ్రాన్సులో ముందునుంచీ ఉంది. దాన్ని పొడిగించామంతే అన్నారు మద్దతుదారులు. కాని పని దొరకని పెద్దవాడికిచ్చే సాయం వేరు, బిడ్డ పేరున ఇచ్చేది వేరు. పైగా ఆ గడ్డ మీదే పుట్టి పెరిగిన బిడ్డ మామూలుగా 18 ఏళ్లకు ఫ్రెంచి పౌరుడవుతాడు. రేపు ఓటరు కాబోయేవాణ్ణి ఇవాళ పస్తు పెట్టడం ఏ జాతి ప్రయోజనమో అర్థం కాదు.

చట్టంలో ముస్లిం అనే మాట ఎక్కడా లేదు. యూరోపియన్ యూనియన్‌కు బయటివారంటే మన గుంటూరు నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి కూడా వస్తాడు. కాని ఆ దేశంలో స్థిరపడిన వలసదారుల్లో అల్జీరియా, మొరాకో, ట్యునీషియాల వారే అధికమని అందరికీ తెలుసు. 1962 ఒప్పందం అమలయ్యాక మన యానాం, పుదుచ్చేరిల నుంచి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలకు ఏ బెంగా లేదు. వాళ్ల తాత పెట్టిన ఒక్క సంతకం ముని మనవడి దాకా పాలు పోయించింది.

ఇక్కడ మనలోకి మనం చూసుకోవలసినది కూడా ఒకటుంది. కడప, రాయచోటి, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవారికి, నిర్ణీత జీతం లేకపోతే ఇంటివాళ్లను పిలిపించుకునే వీలుండదని అనుభవమే. ఫోనులోనే పెరిగిన పిల్లలు మన బస్తీల్లో ఎందరో. బంధుత్వాలు కలిపి ఉంచాలన్న బోధన ముస్లిం రాజ్యాలకూ వర్తిస్తుంది. పారిస్‌ను వేలెత్తి చూపేటప్పుడు కువైట్‌ను మరిచిపోతే మన మాటకు బరువుండదు.

న్యాయమూర్తులు ఆపింది ఎంత?

2024 జనవరి 16న మాక్రాన్ విలేఖరుల ముందుకొచ్చి, జననాలు పడిపోతున్నాయి, దేశానికి జనాభాపరంగా కొత్త ఆయుధబలం కావాలన్నారు. 2023లో ఫ్రాన్సులో పుట్టిన పిల్లలు 6 లక్షల 78 వేలు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. ఒక చేత్తో పిల్లల్ని కనమని పిలుపు, రెండో చేతిలో కొందరి పిల్లల భత్యం ఆపే కాగితం. ఎవరి పిల్లలు కావాలో చెప్పకుండానే చెప్పినట్లయింది.

తొమ్మిది రోజుల తర్వాత, జనవరి 25న, రాజ్యాంగ మండలి ఆ చట్టంలోని 86 అధికరణాల్లో 35ను తొలగించింది. పిల్లల భత్యం షరతు, కుటుంబాన్ని పిలిపించుకునే నిబంధనల బిగింపు, రెండూ పోయాయి. ముస్లిం సంఘాలు ఊపిరి పీల్చుకున్నాయి. కాని తీర్పు జాగ్రత్తగా చదివితే అందులో 32 అధికరణాలు పోయింది అన్యాయమైనవి కావడం వల్ల కాదు. అసలు బిల్లు విషయానికి సంబంధం లేకుండా మధ్యలో దూర్చినందువల్ల. విడిగా బిల్లు పెట్టుకుంటే ఆ అభ్యంతరం ఉండదు. అసలు విషయం మీద మాట వచ్చింది ఆ ఏప్రిల్ 11న. రిపబ్లికన్ పార్టీ అవే షరతులతో ప్రజాభిప్రాయ సేకరణ కోరితే, ఐదేళ్లు ఆపడం కుటుంబానికీ బిడ్డకూ 1946 నాటి రాజ్యాంగ పీఠిక ఇచ్చిన రక్షణకు భంగకరమని మండలి తిరస్కరించింది. అయితే కొంతకాలం ఆపవచ్చునన్న సందు మాత్రం మిగిలింది.

ఆ సందు ఎంత వెడల్పో కొలవడానికి ఆలస్యం జరగలేదు. 2025 మార్చిలో ఫ్రాన్సు సెనేట్, సంప్రదాయ మితవాదుల ఆధిక్యంతో, వేరే బిల్లును ఆమోదించింది. అందులో ఐదేళ్లు అన్న చోట రెండేళ్లు అని ఉంది.